వ్యాయామమునకు లెక్క ఎందుకు?

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పుదురు. ఆ భాగ్యమును కాపాడుకొనుటకై, బరువు తగ్గదలచి ఉదయపు నడక ప్రారంభించువారు పలువురు కలరు. నెల గడచినను త్రాసు ముల్లు కదలకున్నచో, "ఎంత నడచినను ఫలితము లేదు, నా శరీరతత్త్వమే ఇట్టిది" అని నిరాశ చెందుదురు. దోషము నిజముగా శరీరతత్త్వముదేనా?

న్యూయార్కు నగర పరిశోధకులు 1992లో ప్రకటించిన ఒక పరిశీలన ఇందుకు సమాధానమిచ్చుచున్నది. రోజునకు 1200 కిలోకాలరీలకు లోబడి తినుచున్నను బరువు తగ్గుట లేదని చెప్పిన 10 మందిని వారు పరీక్షించిరి. వారి శరీరములు శక్తిని వ్యయపరచు తీరు సామాన్యముగనే యుండెను. కాని వారు తిన్నదానిని సగటున 47 శాతము తక్కువగను, చేసిన శ్రమను 51 శాతము ఎక్కువగను తెలిపిరి. విశేషమేమనగా, వారు ప్రతిదినము పుస్తకములో వ్రాసియే యుండిరి! కావున వ్రాయుట మాత్రమే చాలదు; కొలిచి వ్రాయవలెను.

కొలత యొక్క విలువను ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. 70 కిలోల బరువు గలవాడు అర్ధగంట చురుకుగా నడచినచో సుమారు 120 కిలోకాలరీలు వ్యయమగును. ఊరక కూర్చున్నను ఖర్చగు భాగమును తీసివేసినచో, నికరముగా మిగులునది 90 మాత్రమే. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కిలోకాలరీల శక్తి యుండును. వారమునకు 5 దినములు నడచినను, నడకచేతనే ఒక కిలో తగ్గుటకు 17 వారములు పట్టును. నడచి వచ్చితిమను ధీమాతో క్యాంటీనులో ఒక సమోసా తిన్నచో ఆనాటి లాభము అచ్చటనే హరించిపోవును.

ఇక పద్ధతి. నోటుపుస్తకములో తేదీ, వ్యాయామము పేరు, గడియారము చూచి లెక్కించిన నిమిషములు, శ్రమ తీవ్రత అను నాలుగు గడులు గీయవలెను. మాటలాడగలిగియు పాట పాడలేని స్థితి మధ్యమ శ్రమకు గుర్తు. వ్యాయామము ముగిసిన వెంటనే వ్రాయవలెను. రాత్రి జ్ఞాపకము చేసికొని వ్రాసినచో పది నిమిషములు ఇరువది యగును. చేయని దినమున సున్న వేయుటకు సిగ్గుపడరాదు. వారాంతమున నిమిషములను కూడి చూడవలెను. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. శరీరములోని నీటిని బట్టి బరువు దినదినము మారును గనుక, వారమునకొకసారి, ఒకే త్రాసుపై, ఉదయమున పరగడుపున చూచుట మేలు.

బరువు తగ్గకున్నను వ్యాయామము వ్యర్థము కాదు. గుండెకు బలము, రక్తపుపోటుకు అదుపు, నిద్రకు సుఖము దానివలన కలుగును. వ్యాధిగ్రస్తులు వైద్యుని సలహా పొందియే ప్రారంభింపవలెను. ఉండవలసిన బరువే గలవారు తోటివారిని చూచి చిక్కిపోవ యత్నింపరాదు.

విద్యార్థి మిత్రులారా! పరీక్షలో వచ్చిన మార్కులను మనము ఊహించి వేసికొనము గదా! వ్యాయామమునకును అదే న్యాయము. నిజమైన సున్న, ఊహించిన నూరుకంటె మేలు. ఎచ్చట సరిదిద్దుకొనవలెనో అది చూపును.