రెండవ వార్తాహరుడు

పొలముగట్టున నడచుచున్న బాలునిపైకి ఒక పోట్లగిత్త ఉరుకుచున్నదని తలంపుడు. ఆలోచించుటకు వ్యవధి లేదు. గుండె దడదడ కొట్టుకొనును. కాళ్లకు ఎక్కడలేని సత్తువ వచ్చును. బాలుడు గట్టు దాటి పరుగిడును. ఈ సత్తువ ఎట్లు వచ్చినది? మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులనుండి ఎడ్రినలిన్ అను హార్మోను నెత్తుటిలో కలియును. అది కాలేయమును చేరగనే, అచ్చట నిలువయున్న గ్లైకోజెను విడిపోయి గ్లూకోజు అను చక్కెరగా మారి నెత్తుటిలోనికి వచ్చును.

ఇది వైద్యులు ఎరిగినదే. కాని ఎడ్రినలిన్ జీవకణములోనికి పోయి స్వయముగా పని చేయునా, లేక వాకిట నిలిచి లోనికి కబురు పంపునా? ఈ చిక్కును విప్పినవాడు ఎర్ల్ సదర్లాండు.

ఇతడు 1915లో అమెరికాయందలి కాన్సాస్ రాష్ట్రమున బర్లింగేము అను చిన్న ఊరిలో జన్మించెను. 1942లో సెంట్ లూయీ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, యుద్ధకాలమున సైన్యములో వైద్యుడుగా పనిచేసెను. 1945లో తిరిగివచ్చినపుడు వైద్యవృత్తి చేపట్టుటయా, పరిశోధన చేయుటయా అని సందేహించెను. గురువగు కార్ల్ కోరీ చెప్పిన మాటలకంటె ఆయన నడవడియే తన్ను పరిశోధనవైపు త్రిప్పినదని సదర్లాండు పిమ్మట చెప్పుకొనెను.

1953లో అతడు క్లీవ్‌లాండు నగరమునకు పోయి, థియొడోర్ రాల్ మున్నగువారితో కలిసి పనిచేసెను. హార్మోను ప్రభావము చెక్కుచెదరని కణమునందే కనబడునని ఆనాటివారి నమ్మకము. గడియారమును నలుగగొట్టి గంట కొట్టుమనిన కొట్టునా? అయినను సదర్లాండు బృందము కాలేయమును మెత్తగా నూరి, అందు ఏ.టి.పి. అను పదార్థమును, హార్మోనును కలిపెను. పగిలిన కణములందును హార్మోను పనిచేసెను! (ఈ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.)

పిదప ఆ నూరిన ద్రవమును యంత్రములో గిరగిర త్రిప్పిరి. నలుసులు అడుగున చేరెను. పైనున్న తేటలో హార్మోను కలిపిన ఏమియు జరుగలేదు. మరియొకడైనచో ఆ మడ్డిని పారబోసి, ప్రయత్నము విఫలమయ్యెనని వ్రాసికొనెడివాడేమో! వీరు మడ్డినే పరీక్షించిరి. అందు కణముల పైపొర తునకలు ఉన్నవి. దానికి హార్మోనును, ఏ.టి.పి.ని చేర్చి, కొంతసేపటికి మరుగబెట్టి, వచ్చిన ద్రవమును తేటలో కలిపిరి. అంతట తేటలోని ఎంజైము మేల్కొనెను. వేడి తగిలిన గ్రుడ్డులోని తెల్లసొన గడ్డకట్టునట్లు ఎంజైములు వేడికి చెడిపోవును. ఈ క్రొత్త పదార్థము చెడలేదు. కనుక ఇది ఎంజైము కాదు. పైపొరయందు పుట్టి లోనికి పోవు ఏదో చిన్న పదార్థము.

అది ఏది? సదర్లాండు లియాన్ హెప్పెల్ అను శాస్త్రజ్ఞునికి జాబు వ్రాసెను. డేవిడ్ లిప్కిన్ అను రసాయనవేత్త కూడ, తాను ఏ.టి.పి.నుండి తయారుచేసిన ఒక క్రొత్త పదార్థమునుగూర్చి ఆ హెప్పెల్‌కే వ్రాసియుండెను. రెండు జాబులలోని పదార్థము ఒకటేయని హెప్పెల్ గుర్తించెను. విచిత్రమేమనగా, లిప్కిన్ పనిచేయుచుండినది సదర్లాండు చదివిన విశ్వవిద్యాలయమందే! ఆ పదార్థమే సైక్లిక్ ఏ.ఎం.పి. హార్మోను వాకిటివరకు వచ్చు మొదటి వార్తాహరుడు. ఇది లోపల తిరుగు రెండవ వార్తాహరుడు.

ఒకే చిన్న పదార్థము ఇన్ని హార్మోనుల పనులను ఎట్లు నెరవేర్చునని పలువురు శంకించిరి. ఏ కణము ఏ హార్మోనును గుర్తించునో దాని పైపొరయందలి గ్రాహకములనుబట్టి యుండును. కబురందిన పిమ్మట ఒక్కొక్క కణము తనకు తెలిసిన పనినే చేయును. 1965లో సదర్లాండు, మాక్మన్ అనువారు హార్మోనులే లేని బాక్టీరియాలో సయితము ఈ పదార్థమును కనుగొనిరి. గ్లూకోజు కొరవడినపుడు అందది హెచ్చును!

1971లో నోబెల్ బహుమానము సదర్లాండు ఒక్కనికే లభించెను. 1974లో అతడు మరణించెను. గ్రాహకమునకును రెండవ వార్తాహరుని పుట్టించు ఎంజైమునకును నడుమ జి-ప్రోటీను అను మరియొక మధ్యవర్తి కలదని రాడ్‌బెల్, గిల్మన్ అనువారు కనుగొని 1994లోను, ఆ గ్రాహకముల స్వరూపమును తెలిపి లెఫ్కోవిట్జ్, కోబిల్కా 2012లోను నోబెల్ బహుమానములు పొందిరి.

ఈ జ్ఞానము మన దేశమును పీడించిన కలరా వ్యాధిని అర్థము చేసికొనుటకు తోడ్పడెను. కలరా క్రిములు ఒక విషమును విడుచునని 1959లో కలకత్తాయందు శంభునాథ్ డే నిరూపించెను. ఆ విషము ప్రేగుకణములలో సైక్లిక్ ఏ.ఎం.పి.ని అదుపు లేక పెంచును. పిలువని వార్తాహరుడు ఊరక కేకలు వేయుచుండగా, కణములు ఉప్పును నీటిని ప్రేగులోనికి వెలిగ్రక్కుచునే యుండును. అయినను గ్లూకోజును ఉప్పుతో కలిపి లోనికి పీల్చు దారి చెడకయుండును. అందుచేతనే ఉప్పు, చక్కెర తగుపాళ్లలో కలిపిన నీటిని త్రాగించిన రోగి బ్రదుకును.