మోళిగ మారయ్య: కట్టెల మోపున కాయకధర్మము

కల్యాణపుర శరణులను లోకము వారి వృత్తినామములతోనే స్మరించుచున్నది. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య, మేదర కేతయ్య - ఈ పేర్లలో మొదటి మాట వృత్తిని, రెండవ మాట వ్యక్తిని తెలుపును. బట్టలుతుకువాడు, పడవ నడుపువాడు, త్రాళ్ళు పేనువాడు, బుట్టలల్లువాడు అని చెప్పుకొనుటకు వారు సిగ్గుపడలేదు. ఆ పరంపరకు చెందినవాడే మోళిగ మారయ్య. కన్నడమున మోళిగ యనగా కట్టెల మోపు. అడవికి పోయి, కట్టెలు కొట్టి, మోపు గట్టి, తలపై మోసికొని వచ్చి, కల్యాణపు వీధులలో అమ్మి, వచ్చినదానితో జంగమార్చన సలిపి, మిగిలిన ప్రసాదముతో భార్యాసమేతుడై జీవించిన గృహస్థుడాతడు.

రాజ్యము నుండి అడవికి

మారయ్య పూర్వాశ్రమమున కాశ్మీరదేశపు రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని రాజ్యము విడిచి, భార్యతో కూడ 12వ శతాబ్దిలో కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయ కథ. అతని సతి పేరు మహాదేవి. వచ్చినవాడు ఏదేని ఉన్నతోద్యోగమును కోరలేదు. మంత్రిపదవియందున్న బసవేశ్వరుడు తలచిన యెడల రాజుగా బ్రతికినవానికి కొలువు దొరకుట కష్టము కాదు. అయినను మారయ్య గొడ్డలి పట్టెను. సింహాసనమునకు బదులు చెట్టునీడ, వింజామరలకు బదులు అడవిగాలి అతనికి ప్రియమయ్యెను. ఎండ, వాన, ముల్లు, రాయి అతని నిత్యపరిచితములు. తపస్సు కొరకు అడవికేగినవారు మన పురాణములలో పెక్కుమంది కలరు. మారయ్య అడవికేగినది పనికొరకు. సాయంకాలమునకు ఇల్లు చేరువాడు. అతనికి అరణ్యము సన్న్యాసస్థానము కాదు, కాయకస్థానము.

అంబలి, బంగారము

మారయ్య జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టమిది. ఆ దంపతుల పేదరికమును చూచి జాలిగొన్న బసవేశ్వరుడు, మారయ్య ఇంట లేని సమయమున జంగమవేషమున వారి గుడిసెకు వచ్చెను. మహాదేవి ఆదరించి, ఉన్న అంబలిని వడ్డించెను. బసవేశ్వరుడు దానిని ఆరగించి, ఆమె చూడకుండ బంగారు నాణెములను ఇంట నుంచి వెడలిపోయెను. అడవి నుండి తిరిగి వచ్చిన మారయ్య ఆ ధనమును చూచెను. అది తన చెమటతో వచ్చినది కాదని గ్రహించెను. దానిని తాకి దాచుకొనక, జంగములకే పంచిపెట్టెను. మారయ్య పాదోదకము చల్లగా కట్టెలే బంగారమయ్యెననియు పురాణకథ చెప్పుచున్నది. సంగతి తెలిసిన బసవేశ్వరుడు తన దానబుద్ధియందలి సూక్ష్మమైన గర్వమును గుర్తించి, శరణుని ముందు తలవంచెను.

ఇచట మనము నిలిచి ఆలోచింపవలెను. బసవేశ్వరుడు చేసినది చెడ్డపని కాదు, కరుణతో చేసినదే. అయినను మారయ్య దానిని ఏల అంగీకరింపలేదు? కాయకమున రెండు భాగములున్నవి. శ్రమించుట మొదటిది, ఆ శ్రమఫలమును దాసోహముగా సమర్పించుట రెండవది. శ్రమలేని ధనము ఇల్లు చేరినచో దాసోహమునకు మూలమే పోవును. పరుల సొమ్ముతో చేసిన అర్చన తన అర్చన కాజాలదు. పేదవానిని ఆదరించుట వేరు, అతని కాయకమును తక్కువగా నెంచి కనికరించుట వేరు. ఈ భేదమును మహామంత్రికి నేర్పినవాడు కట్టెలమ్ముకొనువాడు. నేర్చుకొనుటకు సంకోచింపనివాడు బసవేశ్వరుడు. ఇరువురి గొప్పతనమును ఈ కథలోనే కలదు.

సతి గురువైన వేళ

మారయ్య వచనములు 800లకు పైబడి లభించుచున్నవి. వాని అంకితము నిఃకళంక మల్లికార్జున. మహాదేవి వచనముల అంకితము ఇమ్మడి నిఃకళంక మల్లికార్జున. ఇమ్మడి యనగా రెండింతలు. భర్త అంకితమునే గ్రహించి, దానికొక మాటను చేర్చినది ఆ సాధ్వి. ఆ చేర్పు వట్టి అలంకారము కాదని శూన్యసంపాదన గ్రంథము తెలుపుచున్నది. బసవేశ్వరుడు లింగైక్యము చెందిన వార్త విని, మారయ్య తానును కైలాసమును చేరవలెనని తహతహలాడెను. అప్పుడు మహాదేవి భర్తను వారించి, పోవుటకు వేరొక లోకమున్నదని తలచుటయే కొరత యని బోధించెను. చేయుచున్న కాయకమునందు, పట్టిన లింగమునందు లేని కైలాసము మరెచ్చట దొరకును? మారయ్య ఆ బోధను గురువాక్యముగా స్వీకరించెను. ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించిన బియ్యము నేరి తెచ్చినపుడు, వానిని తిరిగి పోసి రమ్మని పంపినది అతని భార్య లక్కమ్మయే. శరణుల సంసారము ధర్మమునకు అడ్డు కాలేదు. ధర్మము తప్పబోయినపుడు హెచ్చరించు కావలియైనది.

మన సీమకు ఈ పాఠము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోనివి. అందుచేత మన ఇండ్లలో తెలుగు, కన్నడములు తోబుట్టువులవలె పెరిగినవి. పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణమును, దానిననుసరించి 1369లో భీమకవి రచించిన కన్నడ బసవపురాణమును రెండును మనవే. కృష్ణగిరి మెట్టపొలములలో ఎండకోర్చి సేద్యము చేయువారు, ఆదోని పత్తి అంగళ్ళలో బోరెములు మోయువారు, ఎమ్మిగనూరు మగ్గములపై బ్రతుకు నేసినవారు మన బంధువులే. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించినది కూడ, పనివాడు పరుల దయపై గాక తన పనిపై నిలువవలెనను తలంపుతోనే గదా!

అయినను నేడు మన యిండ్లలో ఒక విచారకరమైన మార్పు కనబడుచున్నది. పెద్దవారు శివైక్యము చెందినపుడు పటము కట్టించి, పూలమాల వేసి, గణారాధన జరిపి, అన్నము పెట్టుచున్నాము. కాని తాత యే పని చేసి ఈ సంసారమును నిలబెట్టెనని మనుమడడిగిన మాట దాటవేయుచున్నాము. బండి తోలెననియు, కట్టెలు కొట్టెననియు, రాళ్ళు పగులగొట్టెననియు చెప్పుటకు నోరు రాదు. ఆ పెద్దమనిషి యెండలో పని చేయుచు పాడుకొన్న పదము, పొలము గట్టున విప్పిన సద్దిమూట, త్రోవన పోవువానిని పిలిచి పంచియిచ్చిన రొట్టెముక్క - ఇవన్నియు పటముతోపాటు గోడకెక్కక మరుగున పడిపోవుచున్నవి. మారయ్యను రాజుగా మాత్రమే స్మరించినచో అతడు వేలకొలది రాజులలో నొకడై మరపున పడియుండెడివాడు. మోపు మోసినవానిగా స్మరించినందుననే దాదాపు 850 సంవత్సరములు నిలిచినాడు.

కావున గణారాధన దినమున పెద్దల నామముతోపాటు వారి కాయకమును కూడ పిల్లల యెదుట పలుకుట మంచిది. వారి గొడ్డలియో, కత్తెరయో, మగ్గపు నాడెయో ఇంట నున్నచో దానిని తుడిచి, విభూతిపట్టె నుంచి, పిల్లల చేతికిచ్చి దాని పనిని చెప్పవలెను. ఇదియు స్మరణమే.

పిల్లలతో చర్చింపదగిన ప్రశ్నలు

1. మారయ్య బంగారమును నిరాకరించుటలో గర్వమున్నదా, ధర్మమున్నదా?

2. కష్టములోనున్నవానిని, అతని గౌరవమునకు భంగము కలుగకుండ ఆదుకొనుట యెట్లు?

3. మహాదేవి భర్తకు బోధించినది మన గృహములకు ఎట్లు వర్తించును?

4. మీ తాతముత్తాతల కాయకమేమి? తెలియనిచో ఈ రాత్రియే ఇంటిలోని పెద్దవారినడిగి వ్రాసికొనుడు.

శరణు శరణార్థి.