అక్షరములతో చిత్రలేఖనము: కర్సెస్

అక్షరములను మాత్రమే చూపుటకు నిర్మింపబడిన కంప్యూటరు తెరకు టెర్మినలు అని పేరు. పూర్వమిది మీటలును తెరయుగల ప్రత్యేకయంత్రము. నేడు కంప్యూటరులోనే యొక ప్రోగ్రాముగా నున్నది. దీనిని గళ్ళకాగితమువలె భావింపవలెను. సాధారణముగా అడ్డువరుసలు 24, ఒక్కొక్క వరుసకు గళ్ళు 80, వెరసి 1920 గళ్ళు. ఒక్కొక్క గడిలో నొక్క గుర్తు మాత్రమే యిముడును. అడ్డగీత, నిలువుగీత, చుక్క మొదలగువానిని తగిన గళ్ళలో నుంచినచో గదులు, పట్టికలు, పటములు ఏర్పడును. ఈ పనికి తోడ్పడు లైబ్రరీయే కర్సెస్.

దీనిని 1980 ప్రాంతమున అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున కెన్ ఆర్నాల్డ్ రచించెను. బిల్ జాయ్ అంతకుముందు వీఐ యను ఎడిటరునకై వ్రాసిన భాగము దీనికి మూలము. తెరమీద వ్రాయవలసిన చోటును చూపు గుర్తునకు కర్సరు అని పేరు. ఆ పేరునుండియే యీ పేరు చమత్కారముగా పుట్టినది. ఆంగ్లమున దీనికి శాపములను అర్థమును కలదు.

ఆ కాలమున రెండు చిక్కులుండెను. మొదటిది యంత్రభేదము. కర్సరును ఫలానా గడికి పొమ్మని యాజ్ఞాపించుటకు ఒక్కొక్క టెర్మినలునకు ఒక్కొక్క సంకేతము. 1978లో వెలువడిన వీటీ100 వరుససంఖ్యను గడిసంఖ్యను అంకెలలో కోరుచుండెను; ఏడీఎం-3ఏ వానిని చెరియొక యక్షరముగా మార్చి పంపుమనెను. కావున ప్రతియంత్రముయొక్క లక్షణములను టెర్మ్‌క్యాప్ అను పట్టికలో వ్రాసియుంచిరి. ప్రోగ్రాము ‘మూవ్’ అని మాత్రము చెప్పును. కర్సెస్ పట్టికను చూచి, యంత్రమునకు తెలియు భాషలో ఆజ్ఞను పంపును.

రెండవది మందగమనము. 300 బాడ్ వేగముగల టెలిఫోను తీగపై సెకనునకు సుమారు 30 అక్షరములు మాత్రమే నడచును. 1920 గళ్ళను నింపుటకు 64 సెకనులు పట్టును. ఒక్క గుర్తు మారినప్పుడెల్ల తెరనంతయు తిరిగి వ్రాయుట యెట్లు పొసగును?

పలకమీది లెక్కలో నొక యంకె తప్పినచో బాలుడు పలకనంతయు తుడువడు. ఆ యంకెనే తుడిచి సవరించును. కర్సెస్ చేయునదియు నిదియే. అది జ్ఞాపకములో రెండు చిత్రముల నుంచుకొనును: తెరమీద నిప్పుడున్నది యొకటి, ఉండవలసినది మరియొకటి. ప్రోగ్రాము వ్రాయునదంతయు రెండవదానిలో చేరును. ‘రిఫ్రెష్’ అని యాజ్ఞాపించినంతనే, రెంటిని పోల్చి, భేదించిన గళ్ళను మాత్రమే పంపును.

ఈ లైబ్రరీ నుపయోగించుకొని ప్రసిద్ధికెక్కిన రోగ్ అను ఆటను చూడుడు. అందు గోడలు గీతలు, నేల చుక్కలు, రాక్షసులు ఆంగ్లపు పెద్దక్షరములు, ఆటగాడు ‘@’ గుర్తు. అతడొక యడుగు కుడికి వేసినచో, పూర్వపుగడిలో చుక్కను, తరువాతి గడిలో ‘@’ను వ్రాసిన చాలును. వీటీ100లో కర్సరును పంపుటకు 8, వ్రాయుటకు 2, వెరసి 10 అక్షరములు. 64 సెకనుల పని సెకనులో మూడవవంతున ముగిసెను!

మరియొక నియమము గమనింపదగినది. పని ముగిసినపిదప ‘ఎండ్‌విన్’ అని చెప్పి టెర్మినలును పూర్వస్థితికి తేవలెను. లేనిచో తరువాత టైపుచేయు మాటలు కనబడకుండుటయు కలదు. తాను వాడిన వస్తువును ఇతరులకు పనికివచ్చునట్లు విడుచుట యంత్రములయందును మర్యాదయే.

1993లో వెలువడిన ఎన్‌కర్సెస్ అను రూపమున నీ లైబ్రరీ నేటికిని లినక్సు కంప్యూటరులలో విరివిగా వాడబడుచున్నది. కాని గడికొక గుర్తను నియమము ఆంగ్లమునకు కుదిరినట్లు తెలుగునకు కుదురదు. ‘స్త్రీ’ మనకు ఒక్క యక్షరము. కంప్యూటరు దానిని సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని యారు గుర్తులుగా దాచును. వాడుకలోనున్న లెక్కప్రకారము హల్లుకొకటి చొప్పున మూడు గళ్ళను కేటాయింతురు. పొల్లునకును గుడిదీర్ఘమునకును గడి లేదు. టెర్మినలు ఒత్తులను కలిపి వేరొక కొలతతో చూపినచో, లైబ్రరీ లెక్క యొకటి, తెర లెక్క మరియొకటియై, పట్టిక కుడిగీత పక్కకు జరుగును.

విద్యార్థులారా, ఇరుకైన తీగయు, నానావిధయంత్రములును పూర్వుల బుద్ధికి పదును పెట్టినవి. మన లిపియొక్క ఒత్తులును మీ బుద్ధికి అట్లే పదును పెట్టుగాక. ఉన్నదానిని ఉండవలసినదానితో పోల్చి, భేదమును మాత్రమే సవరించు విధము కర్సెస్ మనకు నేర్పినది. తెలుగక్షరము తెరమీద నున్నతీరును, ఉండవలసినతీరును పోల్చి చూడుడు. మిగిలిన పని యేదో మీకే తెలియును.