ఉమ్మడి ఫోల్డర్లలో గ్రంథముల పరస్పరనిర్దేశము – శాస్త్రదృష్టితో ఒక పరిశీలన

శాస్త్రగ్రంథము ఒంటరిగా నిలువదు. భాష్యము సూత్రమును చూపును. టీక భాష్యమును చూపును. నిబంధగ్రంథము ఈ మూడింటిని చూపును. ఇట్లు ఒక గ్రంథము మరియొక గ్రంథములోని నియతస్థానమును చూపుటయే నిర్దేశము. చూపిన గుర్తు చెడినచో, గ్రంథ మెక్కడనో భద్రముగ నున్నను, చదువరికి అది లేనట్లే.

నేడు ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు, పరిశోధకులు పాఠభేదపట్టికలను, తాళపత్రముల ఛాయాచిత్రములను, సిద్ధాంతవ్యాసముల అధ్యాయములను ఉమ్మడి ఫోల్డర్లలో దాచుచున్నారు. దీనిని ‘క్లౌడు’ అనుట వ్యవహారమాత్రము. వస్తుతః అది దూరమున నున్న యంత్రాగారము. 2012లో ఆరంభమైన గూగుల్ డ్రైవు ఇట్టివానిలో మిక్కిలి ప్రచారము గలది. గుంటూరులో నొకరు, బాపట్లలో నొకరు, పొన్నూరులో నొకరు ఉండి ఒకే ప్రతిని పరిష్కరింపగలుగుట దీనివలన కలిగిన మేలు. ఒక పత్రమునుండి మరియొక పత్రమునకు పోవుటకు వారు లంకెలను కూర్చుచున్నారు. ఈ లంకె పరిశోధనలో ప్రమాణనిర్దేశముగ చెల్లునా, చెల్లదా అనునది ఇచట విచార్యవిషయము.

పూర్వపక్షము ఇట్లుండును: లంకె నొక్కినంతనే గ్రంథము తెరచుకొనుచుండగా, గ్రంథనామము, అధ్యాయము, శ్లోకసంఖ్య, ప్రతీక మున్నగువానిని వ్రాయుట పునరుక్తియే, లంకె యొక్కటి చాలును. ఈ పక్షమును పరీక్షించుటకు ముందు నిర్దేశముల స్వరూపమును తెలియవలెను.

1. సంజ్ఞ, అనువృత్తి

పాణినీయమున నిర్దేశమునకు రెండు మార్గములు స్పష్టముగ కానవచ్చును. మొదటిది సంజ్ఞ. అష్టాధ్యాయి 1.1.1లో ఆ, ఐ, ఔ అను వర్ణములకు వృద్ధిసంజ్ఞ చేయబడినది. ఆ సంజ్ఞను 6.1.88, 7.2.114 మున్నగు సూత్రములు ఉపయోగించుకొనును. నడుమ ఎన్ని అధ్యాయములున్నను బాధ లేదు. పేరే వస్తువును తెచ్చిపెట్టును. రెండవది అనువృత్తి. 6.1.78లో అచ్చు పరమగుచుండగా అను అర్థము 6.1.77నుండి వచ్చినదే. ఇది సామీప్యముపై ఆధారపడిన నిర్దేశము.

భట్టోజిదీక్షితుడు సిద్ధాంతకౌముదిలో సూత్రములను ప్రక్రియానుసారముగ మార్చి కూర్చినాడు. అపుడు సంజ్ఞలకు హాని కలుగలేదు. అనువృత్తి మాత్రము తెగినది. పై రెండు సూత్రముల నడుమ కౌముదిలో ఇతర సూత్రములు చేరుటచే, లోపించిన పదమును వృత్తి పూరింపవలసి వచ్చెను. ముద్రితకౌములులలో ప్రతిసూత్రము ప్రక్కన అష్టాధ్యాయీసంఖ్య నిచ్చుట కూడ, తరలిన సూత్రమునకు స్వస్థానమును గుర్తుచేయుటకే.

క్లౌడులోని లంకెలును ఇట్లే ద్వివిధములు. డ్రైవులోని ప్రతి ఫైలునకు అక్షరములు, అంకెలు కలిసిన దీర్ఘమైన గుర్తింపు ఉండును. ఫైలు పేరు మార్చినను, ఫోల్డరు మార్చినను ఆ గుర్తింపు మారదు, లంకె పనిచేయును. ఇది సంజ్ఞవంటిది. గుంటూరు శీతలగిడ్డంగిలో మిరపబస్తాలను ఒక గదినుండి మరియొక గదికి మార్చినను లాటునంబరును బట్టి రైతు తన సరకును పొందుట ఇట్టిదే. దీనికి భిన్నముగ, సొంత కంప్యూటరులోని ఫైళ్ల నడుమ కూర్చిన లంకెలు తరచుగా ఫోల్డరుదారిని ఆశ్రయించి యుండును. ఆ ఫైళ్లను డ్రైవులోనికి ఎక్కించి అచట తెరచినచో ఆ దారి నిలువదు. ఇది తెగిన అనువృత్తి. కావున పత్రములను మొదట ఉమ్మడి ఫోల్డరులో నుంచి, పిమ్మట అచటి గుర్తింపులతోనే లంకెలు వేయుట యుక్తము.

2. అతిదేశము, ఊహ

మూలమును ప్రతి తీసినపుడు మరియొక చిక్కు కలుగును. మీమాంసలో ప్రకృతియాగధర్మములు అతిదేశముచే వికృతికి వచ్చును. ఆ ధర్మములతో వచ్చిన మంత్రములో అగ్నినామముండి, వికృతియందు సూర్యుడు దేవతయైనచో ఆ స్థానమున సూర్యనామము నుంచవలెను. దీనికి ఊహ అని పేరు. జైమిని తొమ్మిదవ అధ్యాయము నంతటిని ముఖ్యముగ దీనికే వినియోగించినాడు.

డ్రైవులో పత్రమును ప్రతి తీసినచో ప్రతికి కొత్త గుర్తింపు వచ్చును. లోపలి లంకెలు మాత్రము పాత పత్రములనే చూపుచుండును. గురువుగారి పట్టికలను ప్రతి తీసికొని శిష్యుడు సవరించుచుండగా, అతని అధ్యాయములోని లంకెలు సవరింపని పట్టికలకే పోవుచుండును. ఇది ఊహ చేయని వికృతి. ప్రతి తీసిన వెంటనే లంకెల నొక్కొక్కటిగా పరీక్షించి మార్చుకొనుట తప్పనిసరి.

3. అధికారి

అనుబంధచతుష్టయములో అధికారి యొకటి. ఇచట ఆ పదమునకు అక్షరార్థమే చెల్లును. లంకె సరిగా నున్నను, చూచుటకు అనుమతి లేనివానికి తలుపు తెరువబడదు. ఫైలును వేరొక ఫోల్డరునకు తరలించినచో లంకె చెడదు గాని, పాత ఫోల్డరువలన వచ్చిన అనుమతి పోవచ్చును. 2021 సెప్టెంబరులో గూగుల్ సంస్థ భద్రతకొరకు కొన్ని పాత ఫైళ్ల లంకెలకు అదనపు అక్షరములను చేర్చినది. అంతకుముందు ఆ ఫైలును చూడనివారు పాతలంకెతో పోయినచో మరల అనుమతి కోరవలసి వచ్చెను. ముద్రితమైన వ్యాసములోని లంకె నెవరు మార్చగలరు?

4. పాఠపరంపర

గ్రంథమును చూపుట వేరు. దాని నియతపాఠమును చూపుట వేరు. ఇందుకు గుంటూరుసీమలోనే చక్కని నిదర్శనము కలదు. పదునైదవ శతాబ్ది తొలిపాదమున కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి అమరుకశతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్యను రచించినాడు. అంతకుముందే మాళవమున అర్జునవర్మదేవుడు అదే శతకమునకు రసికసంజీవినిని రచించి యుండెను. ఈ ఇరువురి పాఠములలో శ్లోకములును, వాని క్రమమును ఏకరూపములు కావు. కావున పాఠపరంపరను చెప్పక అమరుకములో ముప్పదవ శ్లోకమని వ్రాసినచో ఏ శ్లోకమో నిశ్చయింపజాలము. శ్లోకాదిపదములైన ప్రతీకను, వ్యాఖ్యాతపేరును చేర్చిననే సందేహము తీరును.

ఉమ్మడి పత్రములో ఈ దోషము మరింత సూక్ష్మము. లంకె ఎల్లప్పుడు నేటి రూపమునకే పోవును. ఉదాహరించిన నాటి రూపమునకు పోదు. పత్రచరిత్రలో పూర్వరూపము లుండవచ్చును గాని, సవరించు అధికారము లేనివారికి అవి కానరావు. ఉదాహరింపదలచిన పాఠమును ఆ దినమున పి.డి.ఎఫ్. రూపమున స్థిరపరచి, పేరులో తేదీని చేర్చి, దానికి లంకె వేయుటయే మార్గము.

5. ఆయువు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొలది తెలుగు, సంస్కృతగ్రంథముల ప్రతిబింబములు ఉండెడివి. 2010వ దశకపు ద్వితీయార్ధమున ఆ చిరునామా మూతపడినది. కేవలము ఆ చిరునామాలనే ఉదాహరించిన వ్యాసములలోని నిర్దేశములు నిరర్థకములైనవి. ఆ గ్రంథములలో చాలభాగము ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరినది. మునుపటి సంఖ్య కొత్త చిరునామాలోను నిలిచినది. గ్రంథనామమును, ముద్రణవత్సరమును, సంఖ్యను వ్రాసికొన్నవారు మరల వానిని పొందగలిగిరి.

వ్యక్తిగత ఖాతాలలోని సంపదకు ఇంతకంటె ప్రమాదము కలదు. రెండు సంవత్సరములు వాడుక లేని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని 2023లో గూగుల్ సంస్థ ప్రకటించినది. ఖాతా పోయినచో అందలి ఫైళ్లును, వానిని చూపు లంకెలును పోవును. జీవితకాలము పాఠభేదములను సేకరించిన పండితుడు కాలధర్మము చెందిన రెండేండ్లకు ఆయన పరిశ్రమ మాయమగుట సంభావ్యము. చెదలుపట్టిన తాళపత్రములో ముక్కయైనను మిగులును; ఇచట అదియు మిగులదు.

6. సిద్ధాంతము

కావున లంకె యొక్కటి చాలునను పక్షము నిలువదు. అట్లని లంకెయే వలదనుటయు యుక్తము కాదు. లంకె వేగమునకు సాధనము. ప్రమాణము మాత్రము గ్రంథనిర్దేశమే. లంకె వేసిన ప్రతిచోట గ్రంథనామము, పాఠపరంపర లేక ముద్రణము, అధ్యాయశ్లోకసంఖ్య, ప్రతీక, చూచిన తేదీ – ఈ అయిదింటిని వ్రాయవలెను. ఇందులో పునరుక్తి లేదు. సంఖ్య మారినచో ప్రతీక ఆదుకొనును. ప్రతీకలో పాఠభేదమున్నచో సంఖ్య ఆదుకొనును. లంకె తెగినచో ఈ రెండును ఆదుకొనును.

పరిష్కరణపత్రములు వ్యక్తిఖాతాలో గాక సంస్థకు చెందిన షేర్డ్ డ్రైవులో నుండవలెను. అచట ఫైలునకు సంస్థయే స్వామి. అధ్యాపకుడు పదవీవిరమణ చేసినను అది నిలుచును. ప్రతి విద్యాసంవత్సరాంతమున లంకెలను పరీక్షించి, ముఖ్యపట్టికలను కాగితముపై ముద్రించి గ్రంథాలయమున చేర్పవలెను. వ్యాఖ్యాతలు ప్రతీకలను వ్రాసిరి గనుకనే, వారు చూచిన ప్రతులు నశించినను వారు చూపిన స్థానములు నేటికిని దొరకుచున్నవి.