దారి తప్పిన వెలుగుతో బొమ్మ గీయడం

చీకట్లో టార్చిలైటు మీద చెయ్యి పెడితే వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. కరెంటు పోయినప్పుడల్లా మనలో చాలామంది ఆడిన ఆటే! రక్తంలోని హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ కాంతుల్ని మింగేసి ఎరుపుని వదిలేస్తుంది. సరే, వెలుగు ఇవతలికి వస్తోంది కదా, మరి ఎముక కనిపించదేం? ఎందుకంటే ఆ వెలుగు దారి తప్పి వస్తోంది. కణజాలం కాంతిని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. పాలు తెల్లగా ఉండటానికి కారణమూ ఇదే.

బతికున్న మెదడు లోపలి కణాల్ని చూడాలనుకునేవారికి ఈ చెదరటమే పెద్ద తలనొప్పి. తరంగదైర్ఘ్యం పెరిగితే చెదరటం తగ్గుతుంది కనుక ఎరుపు దాటి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వాడితే మేలు. కానీ ఒక చిక్కుంది. కణాల్ని గుర్తుపట్టడానికి వాడే ఆకుపచ్చ ప్రోటీను వెలగాలంటే సుమారు 488 నానోమీటర్ల నీలికాంతి కావాలి. పరారుణ ఫోటానుకి ఇంచుమించు అందులో సగం శక్తే ఉంటుంది.

రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితే? ఇది సాధ్యమేనని మరియా గ్యోపర్ట్ మాయర్ 1931లో తన డాక్టరేటు సిద్ధాంత వ్యాసంలో లెక్కకట్టి చూపించింది. అంత తీవ్రమైన కాంతి అప్పట్లో లేదు. లేజరు వచ్చాక 1961లో ప్రయోగం ఫలించింది. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ దానితో సూక్ష్మదర్శిని తయారుచేశారు.

ఇందులో వాడే లేజరు 100 ఫెమ్టోసెకండ్ల మెరుపుల్ని సెకనుకి 8 కోట్ల చొప్పున విసురుతుంది. గుణించి చూడండి: సెకను మొత్తంలో అది వెలిగేది 8 మైక్రోసెకండ్లే! అందుకే మెరుపు మహా తీవ్రం, సగటున మాత్రం కణజాలం తట్టుకోగలిగినంతే.

అసలు కిటుకు ఇక్కడుంది. కాంతి రెట్టింపైతే ఈ జంట తాకిడి నాలుగింతలవుతుంది. కనుక కటకం కాంతిని కేంద్రీకరించిన ఆ ఒక్క చుక్క దగ్గరే ప్రోటీను వెలుగుతుంది. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆకుపచ్చ వెలుగు ఎన్ని మలుపులు తిరిగొచ్చినా నష్టం లేదు. మన భాషలో చెప్పాలంటే, తిరిగొచ్చిన పేకెట్ మీద అడ్రసు ఉండనక్కర్లేదు. ఒక క్షణంలో ఒక్క చోటికే రిక్వెస్టు పంపాం కనుక జవాబు ఎక్కడిదో ముందే తెలుసు. అద్దాలతో చుక్కని జరుపుతూ, వచ్చిన వెలుగుని కొలుస్తూ పోతే పిక్సెల్ తర్వాత పిక్సెల్ బొమ్మ తయారవుతుంది. అంతకుముందరి కన్‌ఫోకల్ పద్ధతి దారి తప్పిన వెలుగుని సన్నని రంధ్రంతో అడ్డుకుని పారబోసేది. లోతుకి పోయేకొద్దీ మిగిలేది బహు తక్కువ.

దీనికీ హద్దుంది. లోతు కోసం లేజరుని పెంచుతూ పోతే చివరికి పైపొరలు కూడా వెలిగి, బొమ్మ మసకబారుతుంది. 2013లో కార్నెల్‌లోనే క్రిస్ షూ బృందం 1700 నానోమీటర్ల దగ్గర మూడు ఫోటాన్ల పద్ధతి వాడి, ఎలుక మెదడు పైపొరని తొలగించకుండానే దాని కిందనున్న హిప్పోకాంపస్ కణాల్ని చూసింది. నీరు పరారుణాన్ని మింగుతుంది గానీ, 1450కీ 1900 పైనా ఉన్న రెండు గట్టి అడ్డంకుల మధ్య అక్కడ కాస్త సందుంది.

ఇంతా చేసి లోతు ఒక మిల్లీమీటరు పైచిలుకే, అదీ చాలాసార్లు ఎలుక కపాలానికి గాజు కిటికీ అమర్చాక. ఈ పద్ధతితో మనిషి తలలోని ఆలోచనల్ని బయటినుంచి చదివేస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. మనుషుల్లో దీనికి అనువైన చోటు చర్మం. అక్కడ రంగులు ఎక్కించే పని కూడా లేదు. కణాల్లో సహజంగా ఉండే కొన్ని అణువులు వాటంతటవే వెలుగుతాయి, కత్తిగాటు లేకుండా పైపొరల్ని చూడొచ్చు.