డప్పు కట్టే విద్య

ఉద్దేశం : వాద్యనాదాన్ని ఆస్వాదించే సమాజం, ఆ వాద్యాన్ని తీర్చిదిద్దే చేతులను కూడా గౌరవించాలని తెలియజేయడం.

నాగులేటి ఒడ్డున వెలసిన కారంపూడి పల్నాటి వీరుల స్మృతికి నిలయం. అక్కడ ఏటా కార్తిక అమావాస్య మొదలుకొని రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. పంబజోడు మ్రోగుతుండగా వీరవిద్యావంతులు వీరగాథలను గానం చేస్తారు. పంబ వీరగాథకు తోడైతే, డప్పు పల్లె నిత్యజీవనానికి తోడు. జాతరకు, ఊరేగింపుకు, చాటింపుకు, అంతిమయాత్రకు కూడా డప్పే కావాలి. దీనినే కొన్ని ప్రాంతాలలో పలక అనీ, తప్పెట అనీ వ్యవహరిస్తారు.

చూపునకు డప్పు నిరాడంబరమైన వాద్యం. సుమారు 18 అంగుళాల వ్యాసం గల గుండ్రని చెక్క చట్రం, దానికి ఒకవైపు బిగించిన తోలు, అంతే. అందువలన తొలిసారి ఇంటివద్ద డప్పు కట్టబూనినవాడు ఒక్కపూటలో పని ముగుస్తుందని భావిస్తాడు. అనుభవజ్ఞుడైన పెద్ద చెంత కూర్చున్న పిదపగాని అతనికి అసలు సంగతి బోధపడదు.

మొదటిది చట్రం. వంపు తిరిగిన చెక్కముక్కలను ఒకదానితో ఒకటి సందు లేకుండా అతికి వలయంగా కూర్చాలి. అంచు నునుపుగా లేకపోతే తోలు అక్కడే చిరుగుతుంది. రెండవది తోలు. మేకతోలును సున్నపునీటిలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకి, తోలును పలుమార్లు కడగాలి. మూడవది జిగురు. వేయించి పొట్టు తీసిన చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి చిక్కని జిగురు చేస్తారు. అది పలుచనైతే తోలు జారిపోతుంది.

జిగురు పూసిన చట్రంపై తడితోలును పరచి, వెనుకనున్న ఇనుప కడియానికి తోలువారులతో లాగికట్టాలి. ఇక్కడే కొత్తవాడు పొరపడతాడు. వరుసగా ఒకే వైపునుండి బిగించుకుంటూ పోతే తోలు ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక వారును లాగిన పిమ్మట దానికి ఎదుటి వారును లాగాలి. తరువాత నీడలో ఆరనివ్వాలి. తొందరపడి మండుటెండలో ఉంచితే తోలు అసమానంగా ముడుచుకొని పగులుతుంది.

తయారైన డప్పును కూడా వాయించే ముందు మంట సెగకు కాచవలసిందే. తోలు గాలిలోని తేమను పీల్చి వదులవుతుంది. సెగకు ఆ తేమ పోయి బిగువెక్కుతుంది. అప్పుడు కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల తాకగానే డప్పు ఖంగుమంటుంది.

ఇంతటి నేర్పు గల విద్యను తరతరాలుగా మోసినవారు మాదిగలు. సమాజం డప్పును శుభాశుభాలకు పిలిచింది. డప్పు కట్టినవానిని మాత్రం ఊరి వెలుపలనే ఉంచింది. ఈ అన్యాయం మన దేశానికే పరిమితం కాదు. జపానులో తైకో అనే పెద్ద డోలుకు తోలు సిద్ధపరచినవారు కూడా అంటరానివారుగా అవమానాలు అనుభవించారు. ఓసాకా నగరంలో డోళ్ల తయారీకి పేరుపడిన నానివా ప్రాంతపు యువకులు 1987లో తమ చేతులతోనే డోలు పట్టి ‘ఇకారి’ అనే వాద్యబృందాన్ని నెలకొల్పారు. ఆ మాటకు ఆగ్రహమని అర్థం. తెలుగునేలపై 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆరంభమైన దండోరా ఉద్యమం డప్పునే తన గుర్తుగా ఎత్తిపట్టింది. తలవంపుగా ఎంచబడిన వాద్యమే ఆత్మగౌరవ ఘోష అయింది.

ఒక్క డప్పును స్వయంగా కట్టి చూచినవాడు ఆ పనిని ఇక చిన్నచూపు చూడలేడు. తోలు శుభ్రపరచిన చేతికి, వారు బిగించిన వేలికి దక్కవలసిన మన్నన దక్కిననాడే ఆ నాదానికి నిండుదనం చేకూరుతుంది.

అర్థాలు
చాటింపు = డప్పు కొట్టి చేసే ప్రకటన
వారు = తోలుతో చేసిన సన్నని పట్టీ
సెగ = మంట వేడి
మన్నన = గౌరవం

ప్రశ్నలు
1. డప్పును వాయించే ముందు మంటకు ఎందుకు కాస్తారు?
2. తోలు బిగించడంలో కొత్తవారు చేసే పొరపాటు ఏమిటి?
3. డప్పు ఆత్మగౌరవానికి గుర్తుగా మారిన విధాన్ని వివరించండి.