మైకు ఆపారా?

ఈ చలికాలంలో ఒకే రకం కేసులు నాలుగు నా బల్ల మీదకు వచ్చాయి. అన్నీ మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్, నోవై చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లే. బేస్‌మెంట్‌లో సెక్యూరిటీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (ఎన్వీఆర్), పక్కన ఆ కెమెరాలకు కేబుల్ మీదే కరెంటిచ్చే పీఓఈ స్విచ్, గదిగదికీ లాగిన క్యాట్ సిక్స్ కేబుళ్లు. పెట్టింది దొంగల కోసం, ఇరుక్కున్నది ఇంటాయన.

మొన్న వచ్చినాయన పెన్‌డ్రైవ్ నా ముందు పెట్టి, "ఇక విడాకుల కేసు మనదేనండీ" అన్నారు. ఆయన ఆఫీసులో ఉండగా వంటింట్లో భార్య, అత్తగారు చెప్పుకున్న మాటలు మూడు వారాలవి కెమెరా మైకు పట్టేసిందట. పాంటియాక్‌లోని ఓక్లాండ్ కౌంటీ కోర్టులో వినిపిద్దామట. నేను ఆ పెన్‌డ్రైవ్ ముట్టుకోలేదు.

మిషిగన్ చట్టం 750.539సి ప్రకారం, మాట్లాడుకునేవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల ఆంతరంగిక మాటలు పరికరంతో రికార్డు చేయడం నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా 2,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సంభాషణలో మీరూ ఉంటే తప్పు లేదని 1982లో సలివన్ వర్సెస్ గ్రే కేసులో అప్పీళ్ల కోర్టు అంది. ఈయన ఉన్నది ఆఫీసులో!

"నా ఇల్లు, నా కెమెరా" అన్నారు. ఇంటి యజమాని సెక్యూరిటీ నిఘాకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది 539డి సెక్షన్‌లో ఉంది, ఆ సెక్షన్ వరకే. "మొగుడూపెళ్లాల మధ్య ఇవన్నీ ఏమిటండీ" అన్నారు. ఫెడరల్ వైర్‌టాప్ చట్టంలో దంపతులకు వేరే మినహాయింపేమీ లేదని ఆరో సర్క్యూట్ కోర్టు 1976లోనే యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ జోన్స్‌లో తేల్చింది. అలా దొంగచాటుగా పట్టిన మాటలు సాక్ష్యంగా చెల్లవని ఆ చట్టమే చెబుతుంది. అంటే కేసు గెలిపిస్తుందనుకున్న పెన్‌డ్రైవ్ ఆయన మీదే సాక్ష్యం.

అప్పటికే రెండు క్లిప్పులు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అది 539ఇ కింద ఇంకో నేరం.

మైకు ఆపండి. బొమ్మ చాలు, మాట వద్దు. ఎన్వీఆర్ మెనూలో ప్రతి చానెల్‌కూ ఆడియో మీట విడిగా ఉంటుంది, ఒక్కదాన్ని ఆపి ఊరుకోకండి. రీసెట్ చేసినప్పుడల్లా మళ్లీ చూడండి. బిగించడానికొచ్చిన కుర్రాడు "ఆడియో కూడా వస్తుంది సార్" అని మురిసిపోతాడే తప్ప ఈ సంగతి చెప్పడు. పాస్‌వర్డ్ కూడా కంపెనీ ఇచ్చిందే ఉంచేసి వెళతాడు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ లక్షల కొద్దీ కెమెరాలూ రికార్డర్లూ కబ్జా చేసింది ఆ పాస్‌వర్డ్లతోనే. అది వేరే కథ. ముందు మైకు ఆపండి.

ఇదంతా విని ఆయన ఫోన్ తీసి, "అయితే ఇప్పుడే మొత్తం డిలీట్ చేసేస్తా" అన్నారు. చెయ్యి పట్టుకుని ఆపాను. కేసు నడుస్తుండగా సాక్ష్యం చెరిపితే అదింకో తద్దినం. డిస్కు నిండితే ఎన్వీఆర్ పాతవి తనే చెరిపేసుకుంటుంది కూడా. అందుకే ఇంటికి వెళ్లి పెట్టె ఆపేయమని, రేపు పొద్దున్నే క్రిమినల్ లాయర్‌ని కలవమని చెప్పి పంపాను.